పందొమ్మిదో ఫోటో

అలలు ఒక్కొక్కటిగా రావు, గుంపుగా వస్తాయి. నాలుగో అయిదో పెద్దవి వరసగా వచ్చి విరిగిపోయాక, సముద్రం కాసేపు ఏమీ ఎరగనట్టు పడుకుంటుంది. ఆ కాసేపట్లోనే ఫోటోఅక్క లెన్సు తుడుచుకునేది. కోటు జేబులోని పాత నూలుగుడ్డతో ఉప్పు తుంపరలు అద్ది, కెమెరాకి తొడిగిన ప్లాస్టిక్ టోపీ సవరించి, మోకాలిలోతు నీళ్ళలో కాళ్ళు ఎడంగా పెట్టి మళ్ళీ నిలబడేది. తలస్నానం చేయని రోజుల్లో జుట్టు తడవకుండా పెట్టుకునే ఆ టోపీ అత్తగారిది. "నా నెత్తికి దక్కని వైభోగం నీ కెమెరాకి దక్కింది" అని ఆవిడ దెప్పుతూనే, ఇది చిరిగేసరికి ఇంకోటి కొని తెచ్చేది.

పగలంతా ఫోటోఅక్క బస్టాండు పక్కన చిన్న స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోలు తీస్తుంది. గడ్డం కొంచెం దించండి, కళ్ళు ఆర్పకండి, నవ్వకూడదండీ. రోజుకి ముప్ఫైమందిని నవ్వొద్దని బతిమాలే మనిషికి తెల్లవారుజామున ఈ రెండు గంటలే ఊపిరి. సర్ఫింగ్ బోర్డులెక్కి అలల మీద జారే వాళ్ళని తీసి, స్టూడియో తెరిచేలోగా 'పొద్దుటి అల' అనే తన పేజీలో పెట్టేది. ప్రతి ఫోటో కింద తేదీ, టైము వేసేది. పది గంటలకల్లా ఊళ్ళో బోర్డులెక్కే వాళ్ళందరూ ఎక్కడి పనుల్లో అక్కడే ఫోన్లు తెరిచి, ఆ పేజీలో తమని తాము వెతుక్కునేవాళ్ళు.

ఆ ఆదివారం బాతు వచ్చాడు. చేపల లారీ నడిపే డ్రైవరు ఒక పక్క, ఈత మాస్టారు ఇంకో పక్క పట్టుకుంటే, చేతికర్ర ఇసుకలో గుచ్చుకుంటూ దిగాడు. ఎన్నిసార్లు మునిగినా ఎక్కడో ఒకచోట తేలతాడని కుర్రతనంలో పెట్టిన పేరది, ముప్ఫై అయిదేళ్ళొచ్చినా వదల్లేదు. ఎనిమిది నెలల కిందట పార్సిళ్ళ గోడౌనులో ఇనుప అర వీపు మీద కూలిన తర్వాత, నీళ్ళలో నడిస్తే మంచిదని డాక్టరు చెప్పాడు. మూడు వారాలుగా ఆ ఇద్దరూ వారానికి రెండుసార్లు అతన్ని నీళ్ళలోకి దింపుతున్నారు. నడిచాక కాసేపు బోర్డు మీద బోర్లా పడుకోబెట్టి, చిన్న అలలు చూసి మెల్లగా తోస్తారు. అంతే. ఫోటోఅక్క అప్పుడు కెమెరా అటు తిప్పేది కాదు. మోయించుకుంటున్న మనిషిని తీయడానికి ఆమెకి చెయ్యి వచ్చేది కాదు.

ఆ రోజు గుంపులో మూడో అల వచ్చేసరికి డ్రైవరు తోశాడు. బాతు బోర్లా పడుకున్నవాడు పడుకున్నట్టే జారుతూ వస్తున్నాడు. ఉన్నట్టుండి అరచేతులు బోర్డుకి ఆనించాడు. ఫోటోఅక్క ఏమీ ఆలోచించలేదు. లెన్సు అటు తిరిగింది, వేలు మీట మీద బిగిసింది. టకటకటకమని కెమెరా మోగుతూనే ఉంది. మోకాళ్ళ మీద లేచాడు. ఎడమ పాదం ముందుకు వచ్చింది. తర్వాత, ఎలా లేచాడో అతనికే తెలిసి ఉండదు, లేచాడు. చేతులు రెండూ బారచాపి, నోరంతా తెరిచి, అలకి ఎదురుగా కాదు, అల మోస్తుంటే దాని మీద, నిటారుగా.

మూడు నాలుగు సెకన్లు. తర్వాత నడుము ఒక పక్కకి విరిగినట్టయి నీళ్ళలో పడిపోయాడు. మిత్రులిద్దరూ ఈదుకుంటూ వచ్చి చంకల కింద చేతులు వేసి లాక్కొచ్చి ఒడ్డున పడుకోబెట్టారు. మొహం సున్నం కొట్టినట్టు పాలిపోయింది. లేవలేక అలాగే ఇసుకలో పడి, నొప్పికి పళ్ళు బిగించి, మధ్యమధ్య నవ్వుతున్నాడు.

"వచ్చిందా అక్కా?"

"వచ్చిందయ్యా. ముప్ఫై ఒక్కటి వచ్చాయి."

"పేజీలో పెట్టు. మా గోడౌనులో వాళ్ళు కూడా చూడాలి, నేనింకా ఉన్నానని."

స్టూడియోకి వెళ్ళి కంప్యూటర్లో ముప్ఫై ఒక్కటీ చూసింది. పందొమ్మిదోది ఆమె చూపుని పట్టి ఆపేసింది. డ్రైవరూ మాస్టారూ అల వెనక పడిపోయి అందులో కనిపించరు. అల, బాతు, ఆకాశం. అంతే. దాని కింద 'బాతు లేచాడు' అని రాసి పెట్టేసింది. ఆ సంతోషంలో తేదీ వేయడం మరిచిపోయింది. సాయంత్రానికి ఎక్కడెక్కడి వాళ్ళో పంచుకున్నారు. ఆమె తీసిన ఏ ఫోటోనీ అంతమంది చూడలేదు. అత్తగారు తన ఫోన్లో దానికి గుండె గుర్తు నొక్కి, "ఇలాంటివి తీయవే, ఉత్త నీళ్ళు ఎన్నని చూస్తాం" అంది.

*

బుధవారం మధ్యాహ్నం ఫోటోఅక్క కట్టరు కింద పాస్‌పోర్టు ఫోటోలు పెట్టి అంచులు కత్తిరిస్తుండగా బాతు భార్య వచ్చింది. ఆమె రెండు వీధుల అవతల బట్టలు సరిచేసే దుకాణంలో కుట్టుపని చేస్తుంది. పని మధ్యలోంచి లేచి వచ్చినట్టుంది, మెడలో కొలతల టేపు అలాగే ఉంది, చీర కుచ్చిళ్ళకి దారప్పోగులు అంటుకుని ఉన్నాయి. ఫోటోల కోసం కూర్చున్న ముసలాయన వెళ్ళేదాకా గోడకి ఆనుకుని నిలబడింది. వెళ్ళాక ఒక కవరు తీసి అద్దాల బల్ల మీద పెట్టింది.

"ఇది నువ్వు తీసిందేనా అక్కా?"

కవర్లో కంపెనీ ఉత్తరం, దానికి పిన్ను కొట్టిన నలుపు తెలుపు కాగితం. కాగితం మీద పందొమ్మిదో ఫోటో, కింద తన చేతిరాత కాకపోయినా తన మాటే: బాతు లేచాడు. వీపుకి దెబ్బ తగిలి లేవలేనని సెలవు జీతం తీసుకుంటున్న మనిషి సముద్రంలో ఆటలాడుతున్నట్టు తమ దృష్టికి వచ్చిందనీ, సెలవు జీతం ఎందుకు ఆపకూడదో వచ్చే మంగళవారం విచారణకి వచ్చి చెప్పుకోవాలనీ ఉత్తరంలో ఉంది.

ఫోటోఅక్క ఉత్తరం రెండోసారి చదివింది. కుర్చీ వెనక్కి లాక్కుని కూర్చుంది.

"నేనే తీశాను."

"నీళ్ళలో నడిచొస్తానని చెప్పి వెళ్ళాడక్కా. వచ్చి పడుకున్నాడు, రెండు రోజులు మంచం దిగలేదు. ఏమైందంటే దుప్పటి ముసుగేసుకున్నాడు. ఆయన నిలబడ్డ సంగతి నాకు కంపెనీ వాళ్ళ ఉత్తరం చూస్తే తెలిసింది."

"ఇది ఒక్కటే కాదమ్మా. దీనికి ముందువీ తర్వాతవీ ఉన్నాయి. ఎలా పడ్డాడో, వాళ్ళిద్దరూ ఎలా ఎత్తుకొచ్చారో, అన్నీ ఉన్నాయి. రా, చూపిస్తాను. ఇవన్నీ చూపిద్దాం వాళ్ళకి."

బాతు భార్య తెర వైపు తిరగలేదు. "నాకొద్దు. కార్మిక సంఘం పెద్దాయన్ని అడిగాను. ముప్ఫై ఫోటోలు పడిపోయినవి చూపించినా, వాళ్ళు నిలబడ్డదొక్కటీ పట్టుకుంటారట. నిలబడ్డాడా లేదా అనే అడుగుతారట." టేపు చివర వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది. "ఇది పాత ఫోటో అని చెప్పక్కా. దెబ్బ తగలకముందు తీసింది అని. ఆయనకి ధైర్యంగా ఉంటుందని ఇప్పుడు పెట్టావని. దీని మీద తేదీ లేదు చూడు. నీ ఫోటోలన్నిటికీ ఉంటుందట, దీనికే లేదు."

ఫోటోఅక్క కత్తిరించిన ఫోటోలు దొంతి పెట్టింది. ఆమె వెనక గోడ మీద, ఆర్నెల్లకి మించిన పాత ఫోటోలు చెల్లవని పెద్ద అక్షరాలతో తనే అతికించిన కాగితం ఉంది. వచ్చినవాళ్ళు పాత ఫోటో తెచ్చి ఇదే కాపీ తీసివ్వమంటే, మొహం చిట్లించి ఆ కాగితమే చూపిస్తుంది.

"ఆయన ఏమంటున్నాడు?"

"గోడ వైపు తిరిగి పడుకున్నాడు. విచారణలో నోరు మెదపొద్దని చెప్పాను. ఆయనకి అబద్ధం రాదు, వచ్చేదుంటే నడుము బాగైపోయిందని నాకే చెప్పేవాడు." ఆమె కవరు మడిచి జాకెట్లో దోపుకుంది. "నీ కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటానక్కా. నా కుట్టు ఒక్కటే ఉంది, దాంతో అద్దె కూడా వెళ్ళదు."

"అలాంటి మాటలనకు. వస్తాను. చెప్తాను."

ఆమె వెళ్ళిన తర్వాత ఫోటోఅక్క పేజీ తెరిచి ఆ ఫోటో తీసేసింది. దాని కింద వందలమంది రాసిన మాటలు దానితోపాటే పోయాయి.

*

మర్నాడు భోజనాల వేళ షట్టరు సగం దించి కంప్యూటరు ముందు కూర్చుంది. ఫోటో లోపల కెమెరా తనంతట తాను రాసుకునే వివరాలుంటాయి: ఏ రోజు, ఎన్ని గంటలకి, ఎంత వెలుతురులో. విచారణలో అసలు ఫైలు అడుగుతారని సంఘం పెద్దాయన కబురు పెట్టాడు. వాటిని మార్చడం ఆమెకి రాని పని కాదు. కెమెరాలో గడియారం తప్పు నడిచినప్పుడు చాలాసార్లు సరిచేసింది. ఇప్పుడు ఒప్పుగా నడిచినదాన్ని తప్పు చేయాలి, అంతే.

పందొమ్మిదో ఫోటోని విడిగా తీసి కాపీ చేసింది. తేదీ గడి మీద నొక్కింది. నెల, రోజు అలాగే ఉంచి, సంవత్సరంలో చివరి అంకె చెరిపి, దానికి ముందున్న అంకె కొట్టింది. గడి కాసేపు నీలంగా వెలిగి తెల్లబడింది. ఇరవై ఏళ్ళుగా కెమెరా పట్టుకుంటోంది. పెళ్ళిళ్ళలో లావుగా ఉన్నవాళ్ళని సన్నగా చేసింది, మొహాల మీద మచ్చలు తుడిచింది, చనిపోయిన వాళ్ళని బతికున్న వాళ్ళ పక్కన నిలబెట్టింది కూడా. ఏదీ ఇలా షట్టరు దించుకుని చేయలేదు.

షట్టరు కింద నుంచి వంగి అత్తగారు అన్నం డబ్బాతో లోపలికి వచ్చింది.

"ఆ బాతు ఫోటో ఏమైందే? పొద్దున చూద్దామంటే లేదు. నేను గుండె కూడా నొక్కాను."

"తీసేశాను అత్తయ్యా."

"నొక్కిన గుండె ఏమవుతుంది అప్పుడు?"

ఫోటోఅక్కకి నవ్వు రాబోయి ఆగిపోయింది. జరిగిందంతా చెప్పింది. అత్తగారు డబ్బా మూత తీస్తూ విని, గరిటె తుడిచి, అన్నం పెట్టి ముందుకి జరిపింది. ఆవిడ చాలాకాలం కోర్టు దగ్గర టైపు మిషను పెట్టుకుని అర్జీలు కొట్టిన మనిషి.

"చెప్పేదేదో పొట్టిగా చెప్పు. అబద్ధం చెప్పేవాళ్ళు ఊరికే వివరాలు కలుపుతారు, అక్కడ దొరుకుతారు. ఎండగా ఉందా వానగా ఉందా అంటే గుర్తులేదని చెప్పు." డబ్బా మూత పెట్టి, "అన్నం తిను, చల్లారుతోంది" అంది.

ఆమె తినలేదు. మార్చిన ఫోటోని పెన్‌డ్రైవులోకి ఎక్కించి బ్యాగు పక్క అరలో వేసింది. మిగతా ముప్ఫై వాటి అసలు తేదీతో లాప్‌టాప్‌లోనే ఉన్నాయి. వాటి జోలికి పోలేదు. ఎందుకో వాటిని కూడా వెంట తీసుకెళ్ళాలనిపించింది.

*

విచారణ గది మూడో అంతస్తులో. లిఫ్టు పనిచేయడం లేదు. బాతుని పైకి తేవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ప్రతి మలుపులో గోడకి వీపు ఆనించి, కళ్ళు మూసుకుని, ఊపిరి లెక్కపెట్టుకున్నట్టు ఆగి, మళ్ళీ ఎక్కాడు. వెనకనుంచి అతని భార్య, ముందు డ్రైవరు. చివర్లో ఫోటోఅక్క, బ్యాగు గుండెకి హత్తుకుని. ఇదంతా చూసిన వాళ్ళెవరూ లోపలి గదిలో లేరు. లోపల బల్ల వెనక అద్దాలు పెట్టుకున్న విచారణ అధికారిణి, ఆమెకి ఎడం వైపు కంపెనీ ఆఫీసరు, కుడి వైపు సంఘం పెద్దాయన. బాతు కూర్చోకుండా గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కూర్చుంటే పదిహేను నిమిషాలకంటే ఉండలేడు.

కంపెనీ ఆఫీసరు చెడ్డ మాటేమీ అనలేదు. నెమ్మదస్తుడు. బాతు పనిచేసిన పన్నెండేళ్ళూ ఒక్క ఫిర్యాదు లేదని కూడా చెప్పాడు. "మేము అడిగేదొక్కటేనండి. మంచం మీద ఉన్నాననే మనిషి ఇదేంటి?" అని నలుపు తెలుపు కాగితం బల్ల మీద తిప్పి పెట్టాడు.

అధికారిణి ఫోటోఅక్కని పిలిచింది. "ఇది మీరు తీసిందేనా?"

"నేనే తీశానండి."

"ఎప్పుడు?"

కిటికీలోంచి కింద రోడ్డు మీద హారన్లు వినిపిస్తున్నాయి. బాతు భార్య చీర కొంగు పిడికిట్లో బిగించి నేల చూస్తోంది.

"పోయిన సంవత్సరంది. పాత ఫోటో. ఆయనకి ధైర్యంగా ఉంటుందని ఇప్పుడు పెట్టాను."

పొట్టిగానే చెప్పింది. పెన్‌డ్రైవు ఇచ్చింది. మూల కూర్చున్న గుమాస్తా కంప్యూటర్లో పెట్టి చూసి, తేదీ సరిపోయిందన్నట్టు తలూపాడు. అధికారిణి చాలాసేపు రాసుకుంది. కంపెనీ ఆఫీసరు కాగితాలు దొంతిగా పేర్చుకుంటున్నాడు, వాదించేందుకు ఏమీ మిగలని మనిషిలా.

"అలాగైతే దీన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు" అంది అధికారిణి.

బాతు భార్య ఊపిరి వదలడం ఫోటోఅక్కకి వినిపించింది.

"అమ్మా, ఒక్క మాట."

గోడ దగ్గర నుంచి బాతు. భార్య చటుక్కున అతని మణికట్టు పట్టుకుంది. అతను విడిపించుకోలేదు. పట్టుకోనిచ్చాడు.

"అది పాతది కాదమ్మా. మొన్న ఆదివారం ముందు ఆదివారంది. అక్క నా కోసం అలా చెప్పింది, ఆమెని ఏమీ అనకండి." ఆగి, గోడకి ఇంకాస్త సర్దుకున్నాడు. "ఎనిమిది నెలలుగా ఎవరు ఏ కాగితం ఇచ్చినా, ఏం చేయలేవో రాయమంటున్నారు. వంగలేనని రాశాను. ఎత్తలేనని రాశాను. పాపని ఎత్తుకోలేనని రాయడానికి గడి లేకపోతే పక్కన ఖాళీలో రాశాను. అన్నీ నిజమే. అబద్ధం ఒక్కటి లేదు. కానీ ఆ రోజు నిలబడ్డాను. మూడు సెకన్లో, నాలుగో. అది కూడా నిజమే కదమ్మా. దాన్ని పాతది చేసెయ్యకండి."

సంఘం పెద్దాయన నుదురు పట్టుకున్నాడు.

"నిలబడ్డారన్నమాట" అంది అధికారిణి.

"నిలబడ్డానండి."

ఆమె అది రాసుకుంది. అప్పుడు ఫోటోఅక్క గబగబా బ్యాగు విప్పింది. లాప్‌టాప్ తీసే కంగారులో జిప్పు ఇరుక్కుంది. "అమ్మా, మిగతావి చూడండి. ముప్ఫై ఉన్నాయి. నిలబడ్డ వెంటనే ఎలా పడిపోయాడో చూడండి. స్నేహితులిద్దరు మోసుకొచ్చారు. ఒడ్డున లేవలేక పడున్నాడు, అన్నిటిమీదా అసలు తేదీలున్నాయి, టైములున్నాయి..."

అధికారిణి కలం మూత పెట్టింది. ఆమె మొహంలో కోపం లేదు. "అసలు తేదీలు అంటున్నారు. ఇందాక ఇచ్చినది కూడా అసలేనన్నట్టే ఇచ్చారు కదమ్మా."

ఫోటోఅక్క చేతులు జిప్పు మీదే ఆగిపోయాయి.

"మీ ఫోటోల్లో ఏది నమ్మమంటారు నన్ను? ఇప్పుడు నేను చూసినా అవతలివాళ్ళు ఒప్పుకోరు." కంపెనీ ఆఫీసరు వైపు చూసింది. అతను ఇబ్బందిగా తల అడ్డంగా ఊపాడు. "మీరు కూర్చోండి."

కేకలేసినా బాగుండేది. ఫోటోఅక్క వెళ్ళి కూర్చుంది. ఒళ్ళో తెరవని లాప్‌టాప్. పోయిన బుధవారం తను అన్నట్టే ఆ ముప్ఫై ఒక్కటీ ఉన్నవి ఉన్నట్టుగా ఈ బల్ల మీద పరిచి ఉంటే, ఈ మనిషి చూసేదే. ఒక్కొక్కటే, అద్దాలు సవరించుకుంటూ, చివరిదాకా చూసి ఉండేది. సంఘం పెద్దాయన చూడరన్నాడు. ఆయన ఎరగడు. తనూ అడగలేదు.

మెట్లు దిగడానికి ఇంకా ఎక్కువసేపు పట్టింది. రెండో అంతస్తు మలుపులో బాతు ఆగినప్పుడు, అతని భార్య మొదటిసారి నోరు విప్పింది. భర్తతో కాదు.

"నీకేంటక్కా. రేపు పొద్దున ఇంకో అల వస్తుంది, ఇంకోటి తీసుకుంటావు."

బాతు కళ్ళు మూసుకునే ఉన్నాడు. "ఆమెననకే, పెట్టమన్నది నేనే" అన్నాడు చాలా మెల్లగా. భార్య విన్నట్టు లేదు. లేదా వినే, ఆ మాట కూడా ఆ ఉత్తరంతోపాటు కవర్లో పెట్టేసుకుంది.

*

ఫోటోఅక్క ఆ వారం సముద్రానికి వెళ్ళలేదు. పేజీకి ఏమైందని వచ్చే ప్రశ్నలకి జవాబివ్వలేదు. పొద్దున అయిదింటికి మెలకువ వచ్చి, మంచం మీదే కూర్చుని, దూరంగా అలల చప్పుడు వింటూ ఉండేది. మూడోరోజు అత్తగారు టీ తెచ్చి పక్కన పెట్టి, "పొట్టిగా చెప్పమన్నది నేనే కదే" అంది. "అసలు చెప్పొద్దనాల్సింది." ఆ టీ ఇద్దరూ తాగలేదు.

శుక్రవారం పదకొండింటికి స్టూడియో ముందు ఆటో ఆగింది. ముందు బాతు భార్య దిగి, అతన్ని దింపింది. లోపలికి వచ్చి అతను బెంచీ మీద వెల్లకిలా పడుకున్నాడు, కాళ్ళు మడిచి, కళ్ళ మీద మోచెయ్యి వేసుకుని. నుదుటి నిండా చెమట.

"గుర్తింపు కార్డుకి ఫోటో కావాలి" అంది భార్య. ఆ మాట తనకి కాక గోడకి చెప్పినట్టుంది. ఉత్తరం బల్ల మీద పెట్టింది. సెలవు జీతం ఆపేశారు. కూర్చుని చేసే పని ఇస్తున్నామనీ, సోమవారం ఉదయం ఎనిమిదింటికి గోడౌను గేటు దగ్గర హాజరు కావాలనీ, పాత కార్డు గడువు తీరింది కాబట్టి కొత్త ఫోటో తేవాలనీ ఉంది. తెల్లటి వెనకభాగం. భుజాలు సమంగా. చెవులు రెండూ కనిపించాలి.

"కూర్చుని అంటే?" అంది ఫోటోఅక్క.

"ఎనిమిది గంటలు" అంది ఆమె. "రాకపోతే ఉద్యోగం వదులుకున్నట్టే లెక్కట."

ఫోటోఅక్క లేచి తెల్ల గుడ్డ దించింది. దీపాలు వేసింది. ఒక దీపం ఎత్తు మార్చనక్కర్లేకపోయినా మార్చింది.

"కాసేపు పడుకోనీ. వచ్చేటప్పుడు ఆటో బాగా కుదిపింది" అంది బాతు భార్య. తర్వాత, చాలాసేపటికి, "అవి ఉన్నాయా ఇంకా?" అంది.

"ఏవి?"

"ఆ రోజువి. నేను చూడలేదు."

ఫోటోఅక్క కంప్యూటరు తెర ఆమె వైపు తిప్పి, మొదటిది తెరిచి, బాణం మీట చూపించి పక్కకి జరిగింది. బాతు భార్య నిలబడే చూసింది. ఒక్కో మీటకీ ఒక్కో ఫోటో. బోర్డు మీద బోర్లా పడుకున్న మనిషి. అరచేతులు ఆనించిన మనిషి. మోకాళ్ళు. పన్నెండు, పదమూడు, పద్నాలుగు. పందొమ్మిది దగ్గర ఆగలేదు, దాటిపోయింది. ఇరవై మూడులో నడుము ఒరగడం మొదలైంది. ఇరవై ఆరులో నురగ లోంచి ఒక చెయ్యి మాత్రమే. ముప్ఫై ఒకటిలో డ్రైవరూ మాస్టారూ అతన్ని చంకల కింద పట్టుకుని ఉన్నారు, తల వెనక్కి వేలాడుతోంది, నోరు మాత్రం ఇంకా నవ్వుతోంది. అక్కణ్ణించి వెనక్కి నొక్కుతూ వచ్చింది. ముప్ఫై, ఇరవై తొమ్మిది. పందొమ్మిది దగ్గర ఆగింది.

"దీన్ని పెద్దది చేయొచ్చా? మొహం వరకు."

ఫోటోఅక్క పెద్దది చేసింది.

"పక్క పన్ను విరిగింది చూడక్కా ఆయనకి. పాప పుట్టకముందు విరిగింది. అది కనిపిస్తుందని అప్పట్నుంచీ మూతి మూసుకునే నవ్వుతాడు. పెళ్ళిళ్ళలో ఫోటోలకి కూడా అంతే, నేనెంత చెప్పినా." తెర మీద ఆ పన్ను దగ్గర వేలు పెట్టి, తాకకుండా ఆపింది. "మర్చిపోయాడు. ఆ ఒక్క క్షణం మర్చిపోయాడు పిచ్చి మనిషి."

ఆమె ఏడవలేదు. దారప్పోగు ఒకటి చీర మీంచి తీసి వేలి మధ్య ఉండచుట్టి పారేసింది.

"కాపీ ఇవ్వనా?" అంది ఫోటోఅక్క.

"ఇప్పుడొద్దు." కాసేపాగి, "ఉంచు. ఎప్పుడైనా అడుగుతాను. తీసెయ్యకు" అంది. అని బెంచీ దగ్గరికి వెళ్ళి భర్త భుజం తట్టింది. "లే. తీయించేసుకుందాం."

ఇద్దరూ కలిసి అతన్ని లేపారు. స్టూలుకి వీపు ఆనించుకోవడానికి ఏమీ లేదు. కూర్చోబెట్టగానే కుడివైపుకి ఒరిగాడు. ఫోటోఅక్క భుజం సరిచేసింది, వదలగానే మళ్ళీ ఒరిగింది. దిండు పెట్టి చూసింది, ఫ్రేములో కనిపిస్తోంది. "నిలబడి తీయించుకోనా?" అన్నాడు. నిలబెడితే చేతికర్ర లేకుండా ఉండలేకపోయాడు, కర్రతో భుజం ఎత్తుగా వస్తోంది. మళ్ళీ కూర్చోబెట్టారు. పెదవి కొరుక్కున్నాడు. గోడ గడియారం వైపు ఒకసారి చూశాడు, సోమవారం గురించే అయ్యుండాలి, ఎవరూ అడగలేదు.

"నువ్వు తియ్యి అక్కా" అంది బాతు భార్య. స్టూలుకీ తెల్ల గుడ్డకీ మధ్య సందులోకి దూరి, నేల మీద మోకాళ్ళూని కూర్చుంది. తల దించుకుంది. అరచేతులు రెండూ అతని వీపుకి ఆనించి, దర్జీ బల్ల మీద మందపు గుడ్డని అదిమినట్టు, బలంగా అదిమింది. భుజాలు సమానమయ్యాయి. మెడ లేచింది.

ఫోటోఅక్క కెమెరాలో చూసింది. తెల్లటి గుడ్డ ముందు నిటారుగా కూర్చున్న మనిషి. వెనకెవరూ లేరు. పని చేయగల మనిషేనని ఎవరైనా ఒప్పుకుంటారు. కెమెరా కొంచెం వెనక్కి జరిపితే కింద ఆమె చేతులు, వంచిన తల, స్టూలు కాళ్ళ మధ్య ఆమె పాదాలు వస్తాయి. ఒక్క అడుగు చాలు. వేలు మీట మీద ఉంచి కాసేపు అలాగే నిలబడింది. కార్డుకి కావలసింది భుజాల వరకే.

"నవ్వకూడదు" అంది, అలవాటుగా. ఆ మాట బయటికి వచ్చాక నాలిక కరుచుకుంది.

బాతు ఆమె వంక చూశాడు. మూతి బిగించాడు.

మీట నొక్కింది. ఒక్కటే తీసింది. అలకి ముప్ఫై ఒక్కటి తీసిన చెయ్యి, రెండోది తీయలేకపోయింది.

"అయిపోయింది" అంది.

స్టూలు వెనక నుంచి జవాబు లేదు. ఇంకోసారి చెప్పింది, ఈసారి కొంచెం గట్టిగా. అతని భుజాలు సమంగానే ఉన్నాయి. బాతు భార్య చేతులు తీయలేదు.